గ్రాఫ్ పేపర్ లేకుండా బొంత కుట్టడం ఎలా? (అన్నీ ముందే లెక్కేసుకునే వాళ్ల కోసం)

మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఒక సగం బొంత రెండేళ్లు పడుకుంది. ఇరవై గళ్ల బొంత అది, ఒక్కో గడి 12 అంగుళాలు. గ్రాఫ్ పేపర్ మీద రంగు పెన్సిళ్లతో ప్రతి ముక్కా ముందే గీసుకుని, ఏ రంగు గుడ్డ ఎంత పడుతుందో పక్కన లెక్క రాసుకుని మరీ మొదలుపెట్టాను. పదమూడో గడి దగ్గర నీలం గుడ్డ అయిపోయింది. కుట్టుకి పోయే పావు అంగుళం రెండు వైపులా వేసుకోవాల్సింది, ఒక వైపే వేసుకున్నాను. అదే నీలం కోసం ఇక్కడ ధర్మాబాద్ అంతా తిరిగాను, నాందేడ్ వెళ్లాను, నిజామాబాద్‌లో ఉన్న మా పిన్నికి ఫోటో పంపి అక్కడ కూడా వెతికించాను. దొరకలేదు. "వేరే నీలం వేస్తే ఏమవుతుంది?" అని మా ఆయన అడిగాడు. ఆ ప్రశ్నకి నాకు కోపం వచ్చింది కానీ జవాబు రాలేదు.

మీరూ ఈ రకమే అయితే ఇది మీ కోసమే. కొలతలు తీసుకోకుండా, బొమ్మ గీసుకోకుండా, చేతికొచ్చిన ముక్కని చూసి పక్క ముక్క ఏదో అక్కడికక్కడ తేల్చుకుంటూ పోయే కుట్టు ఇది. విదేశాల్లో దీనికి ఇంప్రొవైజేషనల్ పీసింగ్ అని పెద్ద పేరుంది, క్లాసులు కూడా చెబుతారు. నేను మాత్రం కంటి కొలత బొంత అంటాను. ఎందుకంటే మొదటిసారి చూసింది ఎక్కడో క్లాసులో కాదు, మా ఎదురింటి అరుగు మీద.

ఎదురింటి ఆజీ, అంటే అవ్వ, మరాఠీ ఆవిడ. బాసర పక్కనే ఉన్న ఊరు కదా, మా వీధిలో సగం మంది తెలుగు, సగం మంది మరాఠీ, అందరికీ రెండూ వస్తాయి. మనం బొంత అన్నదాన్ని వాళ్లు గోధడి అంటారు. ఆ రోజు ఆవిడ పాత ఇర్కల్ లుగడె (మరాఠీ వాళ్ల తొమ్మిది గజాల చీర) ముక్క ఒకటి పరిచింది. నీలం, అంచు దగ్గర ఎరుపు. పక్కన పెట్టిన ముక్క రెండు వేళ్లు పొట్టి వచ్చింది. నేనైతే లేచి టేపు తెచ్చేదాన్ని. ఆవిడ కిందకి కూడా చూడలేదు, మోకాలి కింద నొక్కిపెట్టుకున్న పీలికల్లోంచి పసుపుపచ్చది ఒకటి లాగి, ఆ రెండు వేళ్ల సందులో పెట్టి, అంచు మడిచి, సూది దించేసింది. "ఆ పసుపు ఇంకెక్కడా లేదు కదా ఆజీ, ఒక్కచోటే ఉంటే బాగుంటుందా?" అన్నాను. "మోజత్ బసూ నకో పోరీ, శివ్!" అంది. కొలుస్తూ కూర్చోకు పిల్లా, కుట్టు. ఐదు నిమిషాల తర్వాత అదే పసుపు ఇంకో మూల తేలింది, అదీ పొట్టి ముక్క పక్కనే.

అప్పుడు అర్థమైంది, ఆవిడకి ప్లాన్ లేదనుకోవడం నా పొరపాటు. బొంత ఎంత ఉండాలో తెలుసు, ఎన్ని రంగులున్నాయో తెలుసు, సందు వస్తే ఏ రంగుతో పూడ్చాలో తెలుసు. లేనిది బొమ్మ ఒక్కటే. మీ ప్లానింగ్ బుర్రని పక్కన పడేయమని నేను చెప్పను, పడేయలేరు కూడా. దాన్ని బొమ్మ మీంచి తీసి హద్దుల మీద పెట్టండి.

ముందు హద్దులు రాసుకోండి

పోస్టుకార్డంత కాగితం చాలు. అంతకన్నా పెద్దది తీసుకుంటే బొమ్మ గీస్తారు, నాకు తెలుసు.

సైజు: మొదటి బొంత 36 అంగుళాలకి 44 దగ్గర్లో పెట్టుకోండి. ఒళ్లో వేసుకోవడానికి, చంటిపిల్లకి కప్పడానికి సరిపోతుంది. మంచం బొంత అంటే 60కి 90, అది మొదటిసారే వద్దు.

రంగులు: ఆరు రకాల గుడ్డలు. మూడు ముదురువి, రెండు లేతవి, ఒకటి ఘాటుది. ఘాటుది అంటే మిగతా ఐదింటితో కాస్త పోట్లాడేది. నాది ఎండుమిరప ఎరుపు. మా ఊరు మిర్చికి పేరు, ఇంకేం దొరుకుతుంది చెప్పండి. ఆ ఘాటు గుడ్డ కొంచెమే ఉండాలి, ఒక జాకెట్ ముక్కంత.

ఒక పని రూలు: ఉదాహరణకి "అన్నీ పీలికలే, ఏ పీలికా బెత్తెడు కన్నా వెడల్పు ఉండదు" అని. లేదా "ప్రతి పలకలో (పీలికలు కలిపి కుట్టిన గుడ్డని నేను పలక అంటాను) ఎక్కడో ఒకచోట ఎరుపు ఉంటుంది" అని. ఒక్కటి చాలు. మూడు రూళ్లు రాస్తే అది మళ్లీ గ్రాఫ్ పేపరే.

ఇంకోటి, గుడ్డ అయిపోతే ఏం చేయాలో ఇప్పుడే రాసేయండి. "నీలం అయిపోతే వేరే నీలం, అదీ లేకపోతే బూడిద రంగు" అని నేను రాసుకున్నాను. రెండేళ్ల కిందట ఈ ఒక్క వాక్యం రాసుకుని ఉంటే ఆ ట్రంకుపెట్టె ఖాళీగా ఉండేది.

గుడ్డ దగ్గర మాత్రం బద్ధకం వద్దు

ఇక్కడ మీ జాగ్రత్త బుద్ధి అంతా వాడండి. నూలుతో నూలే కలపండి. పాలిస్టర్ చీర జారుతుంది, ఇస్త్రీ పెట్టె కాస్త వేడెక్కితే ముడుచుకుపోతుంది. జరీ అంచు గుచ్చుకుంటుంది, కోసి పక్కన పెట్టేయండి. పాత చీరని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, పల్చబడిన చోటు జల్లెడలా కనిపిస్తుంది. రెండు బొటనవేళ్లతో లాగితే చిరిగేది పై ముక్కకి పనికిరాదు, లోపలి పొరకి వాడుకోవచ్చు.

అన్నీ ముందే ఉతకాలి. ఎరుపు, ముదురు నీలం విడివిడిగా. తడి గుడ్డని తెల్ల రుమాలులో చుట్టి గట్టిగా పిండి చూడండి, రుమాలుకి రంగు అంటితే ఇంకోసారి ఉతకండి, మూడోసారి కూడా అంటితే ఆ గుడ్డని మరిచిపోండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని మా అత్తగారు అంటారు, నేను రెండుసార్లు చేసి చూశాను, ఉప్పు ఖర్చయింది అంతే.

తర్వాత గంజి పెట్టండి. ఇది చాలామంది వదిలేస్తారు. కంటితో చూస్తూ వంకరగా కోసినప్పుడు చాలా అంచులు పడుగు వెంటా పోవు, పేక వెంటా పోవు, టైలర్లు క్రాస్ అంటారు చూశారా, అలా పడతాయి. క్రాస్ అంచు రబ్బరులా సాగుతుంది. సాగిన అంచుతో కుట్టిన బొంత అప్పడంలా అలలు తిరుగుతుంది. పల్చటి అన్నం గంజి పెట్టి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే గుడ్డ కాగితంలా నిలుస్తుంది, కోసినా సాగదు. ఇస్త్రీ పెట్టెని గుడ్డ మీద రుద్దుతూ లాగొద్దు, ఎత్తి పెట్టి నొక్కండి.

స్కేలు దాచి కత్తెర తీయండి

నిజంగానే దాచండి. నేను స్కేలుని బియ్యం డబ్బాలో పెట్టాను.

కొలతకి మీ చెయ్యి ఉంది. రెండు వేళ్ల వెడల్పు ఒకటిన్నర అంగుళం దగ్గర, నాలుగు వేళ్లు, అంటే బెత్తెడు, మూడు అంగుళాల దగ్గర, జానెడు ఎనిమిదో తొమ్మిదో. మీ చెయ్యి కాస్త చిన్నదైతే మీ బొంత కాస్త చిన్న ముక్కలతో ఉంటుంది, నష్టమేం లేదు. రెండు వేళ్ల నుంచి బెత్తెడు దాకా పీలికలు కోయండి. ఒక చివర సన్నగా, ఇంకో చివర లావుగా పోయినా పోనివ్వండి, కావాలని వంకర తిప్పకండి. కావాలని తిప్పిన వంకర నాటకంలా కనిపిస్తుంది. మామూలుగా కోస్తే చెయ్యి తనంతట తానే కొద్దిగా తప్పుతుంది, ఆ తప్పే అందంగా ఉంటుంది.

కత్తెరకి చెయ్యి రాకపోతే చింపండి. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి లాగితే నూలు గుడ్డ పోగు వెంట నేరుగా చిరుగుతుంది. కంటి కొలతకి భయపడే వాళ్లకి ఇది మంచి దారి, ఎందుకంటే నిర్ణయం మీది కాదు, గుడ్డది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, అంగుళం కన్నా సన్నటి పీలిక కోయొద్దు. కుట్టులో రెండు వైపులా కలిపి అర అంగుళం పోతుంది, అంగుళం పీలిక కుట్టాక అర అంగుళమే కనిపిస్తుంది.

ఇక్కడ లెక్కల మనుషుల కోసం ఒక చిన్న లెక్క, కావాలంటే కాగితం మీద వేసి చూసుకోండి. రెండు అంగుళాల పీలికలు ఎనిమిది కలిపితే పదహారు అంగుళాలు రావు. మధ్యలో ఏడు కుట్లు, ఒక్కో కుట్టుకి అర అంగుళం పోతే మూడున్నర పోయింది, మిగిలేది పన్నెండున్నర. ఇది తెలిస్తే ఎంత గుడ్డ ఎక్కడ మాయమవుతోందో అనే కంగారు తగ్గుతుంది.

చీటీలు వేయకండి

ఇది నా సొంత తెలివితక్కువతనం. ప్లాన్ లేకుండా అంటే లాటరీ అనుకున్నాను. రంగుల పేర్లు చీటీల మీద రాసి, గిన్నెలో కలిపి, ఒక్కోటి తీసి ఆ రంగు ముక్కే కుట్టాను. రెండు సాయంత్రాలు. వచ్చింది ఏమిటంటే లేతవి మూడు ఒకేచోట గుంపు కట్టి, ముదురువన్నీ ఒక మూలకి జారిపోయిన ఒక అయోమయం. ఆజీ దాన్ని చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. చీటీలు వేయడమంటే చూడకుండా తప్పించుకోవడమే. గ్రాఫ్ పేపర్ వల్ల నేను ముక్కని చూడలేదు, చీటీల వల్ల కూడా చూడలేదు. ఈ పద్ధతిలో చెయ్యాల్సిన పని అల్లా ముందున్న ముక్కని చూడటమే.

అయితే మొదటి రెండు ముక్కలు మాత్రం సంచీలో చెయ్యి పెట్టి చూడకుండా తీసుకోండి. మొదలుపెట్టడం దగ్గరే మనం గంటలు కూర్చుంటాం కాబట్టి. మూడో ముక్క నుంచి చూసి పెట్టాలి.

కుట్టు మాత్రం కచ్చితం

కోత ఎంత వదులుగా ఉన్నా కుట్టు వదులుగా ఉండకూడదు. మామూలు కాలి మిషన్ చాలు. ప్రెషర్ ఫుట్ అంచుని గుడ్డ అంచుతో కలిపి నడిపితే చాలా మిషన్లలో పావు అంగుళం దగ్గర వస్తుంది. మీ మిషన్లో ఎంత వస్తుందో ఒక పాత ముక్క మీద కుట్టి చూసుకోండి, ఇందుకోసం ఒక్కసారికి బియ్యం డబ్బాలోంచి స్కేలు తీయొచ్చు. అంగుళానికి పన్నెండు కుట్లు పడేలా పెట్టండి. పైన దారం, బాబిన్లో దారం రెండూ నూలువే, రంగు బూడిదో లేత గోధుమో అయితే అన్ని రంగుల్లో కలిసిపోతుంది, ప్రతి ముక్కకీ దారం మార్చే పని ఉండదు. అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా పడుతుంటే మళ్లీ దారం ఎక్కించి, టెన్షన్ సరిచేయండి. దారం టెన్షన్ అండీ, మీది కాదు.

ముందు రెండేసి పీలికలు జత చేయండి. ఒక జత అయ్యాక దారం తెంపకుండా రెండో జత, తర్వాత మూడోది, తోరణంలా వరసగా మిషన్ కింద పంపండి. పది జతలయ్యాక తెంపి, ఇస్త్రీ చేసి, జతలని జతలతో కలపండి. ప్రతి కుట్టు తర్వాతా ఇస్త్రీ చేయాల్సిందే, కుట్టుకి పోయిన గుడ్డని ముదురు రంగు వైపు మడిచి నొక్కండి, లేత గుడ్డ కింద నీడలా కనిపించకుండా ఉంటుంది.

పలకలు

ఇలా నాలుగైదు జతలు కలిశాక ఎనిమిది నుంచి పద్నాలుగు అంగుళాల మధ్య ఏదో ఒక సైజులో ఒక గుడ్డ తయారవుతుంది. నేను పలక అన్నది దీన్నే. 36కి 44 బొంతకి ఇలాంటివి పన్నెండు పదమూడు కావాలి. అన్నీ ఒకే సైజు ఉండకూడదు, చదరంగానే ఉండాలని కూడా లేదు.

మూడు పలకలయ్యాక మీకు భయం వేస్తుంది. బాగానే వచ్చాయి, ఇంక ఇవే పెంచుకుంటూ పోదాం అనిపిస్తుంది. అప్పుడు అందులో మీకు బాగా నచ్చిన పలకని తీసుకుని మధ్యకి కోసేయండి. అవును, నచ్చినదాన్నే. ఒక సగాన్ని తిప్పి, మధ్యలో ఎర్ర పీలిక ఒకటి పెట్టి మళ్లీ కలపండి. మొదటిసారి నా చెయ్యి వణికింది. కోసేదాకా అది నేను పీలికలు కలిపిన గుడ్డ, కోసి తిప్పాక అది నేను ఎప్పటికీ గీయలేని గుడ్డ. ఈ ఒక్క పని చేస్తే మిగతాదంతా సులువవుతుంది.

వంపు కావాలంటే ఇలా చేయండి. రెండు ముక్కల్నీ, రెండింటి ముఖాలూ పైకే ఉండేలా, ఒకదాని అంచు మీద ఇంకోదాని అంచు రెండు మూడు వేళ్లు ఎక్కేలా పరవండి. ఆ ఎక్కిన మేర మధ్యలో మెల్లగా వాగు వంపులా రెండు పొరలూ కలిపి కోయండి. సన్నటి తుంటలు రెండు ఊడి వస్తాయి, పారేయండి. మిగిలిన రెండు అంచులూ ఒకే వంపులో ఉంటాయి. వాటిని ముఖాలు కలిపి, మధ్య భాగం సరిచూసుకుని, లాగకుండా కొంచెం కొంచెం కలుపుతూ కుట్టండి. వంపు బాగా లోతుగా ఉంటే మాత్రం ముడతలు పడతాయి, కాలవ మలుపులు వద్దు.

గోడ మీద పెట్టండి

గోడకి ఒక పాత దుప్పటి మేకులకి తగిలించి, పలకల్ని గుండుసూదులతో దానికి గుచ్చండి. కింద పరిచి చూస్తే దగ్గరున్నవి పెద్దగా, దూరమున్నవి చిన్నగా కనిపించి మోసపోతారు. ఫోన్లో ఫోటో తీసి నలుపు తెలుపు చేసి చూడండి. రంగుల మాయ పోతే ముదురు ఎక్కడ గడ్డకట్టిందో, లేత ఎక్కడ చిల్లులా ఉందో తేలిపోతుంది. నా చీటీల బొంత ఫోటో ఇలా చూసినప్పుడే సంగతి తెలిసింది. కళ్లకి రంగులు ఆరు, నలుపు తెలుపులో రెండే.

ఒక రాత్రి అలాగే వదిలేయండి. పొద్దున పళ్లు తోముకుంటూ, ఏమీ ఆలోచించకుండా, గుమ్మం దగ్గరి నుంచి ఒకసారి చూడండి. చూపు ఎక్కడ ఆగిపోతే అక్కడే ఏదో ఉంది, మంచో చెడో.

రాత్రిపూట గ్రాఫ్ పేపర్ కోసం చెయ్యి లాగుతుంది. నాకూ లాగింది, పదకొండు గంటలకి లేచి నోట్‌బుక్కులో గళ్లు గీస్తూ దొరికిపోయాను. అలాంటప్పుడు గీయకుండా లెక్కపెట్టండి. ఎన్ని పలకలయ్యాయి, ఇంకెన్ని కావాలి, ఎరుపు ఎంత మిగిలింది. చేతికి పని దొరుకుతుంది, బొంతకి హాని జరగదు.

కుట్టు విప్పడానికి కూడా ఒక నియమం పెట్టుకోండి. ఊడిపోతున్న కుట్టునీ, ముడతపడి గడ్డలా ఉన్న కుట్టునీ విప్పొచ్చు. "ఇక్కడ పచ్చ బదులు నీలం ఉంటే" అనిపిస్తే విప్పకండి, పక్కన ఇంకో పచ్చ పెట్టండి. ఒకటి ఉంటే తప్పు, మూడు ఉంటే అలాగే అనుకుని పెట్టినట్టు ఉంటుంది. ఆజీ పసుపుతో చేసింది ఇదే.

పలకల్ని అతకడం

కష్టమంతా ఇక్కడుంది. ఒక పలక పదకొండు అంగుళాలు, పక్కది తొమ్మిది. పెద్దదాన్ని కోయొచ్చు, చిన్నదానికి పీలిక తగిలించి పెంచొచ్చు. నేనైతే పెంచుతాను, ఎందుకంటే ఆ పూడ్పు పీలికల దగ్గరే బొంతకి ఊపిరి ఆడుతుంది. పూడ్పులకి ఒకటి రెండు రంగులే వాడండి. అన్ని చోట్లా తలా ఒక రంగుతో పూడ్చితే గందరగోళం.

రెండు పలకలు కలిసి ఒక పెద్ద పలక, రెండు పెద్దవి కలిసి ఇంకా పెద్దది, ఇలా నేరుగా కలిపే కుట్లే వచ్చేలా చూసుకోండి. ఎక్కడో ఒకచోట మూల ఇరుక్కుంటుంది, ఒక పలక పక్కదాన్ని దాటి ముందుకి పొడుచుకొస్తుంది. అప్పుడు ఆ కుట్టుని సగం దాకా కుట్టి ఆపండి. మూడో ముక్కని ఆ పక్కన కలిపేశాక, వెనక్కి వచ్చి మిగిలిన సగం పూర్తి చేయండి. సగం కుట్టు అనే ఈ కిటుకు తెలియక మొదట్లో నేను మంచి పలకని రెండు అంగుళాలు కోసి పారేశాను.

కలిపే అంచులు నేరుగా లేకపోతే అప్పుడు స్కేలు బయటికి తీయండి. ఇంక దాచక్కర్లేదు, దాని వేళ వచ్చింది. పై ముక్క అంతా అయ్యాక పరిచి, పైన, మధ్యలో, కింద మూడుచోట్ల వెడల్పు కొలవండి. 36, 37, 36న్నర ఇలా వస్తే తక్కువ ఉన్నదానికి సరిచేసి అంచులు నేరుగా కోయండి. మధ్యలో పొంగు వచ్చి ఎంత ఇస్త్రీ చేసినా అణగకపోతే, ఆ పొంగు మీదుగా కోసి, ఒక అంచు మీద ఇంకోటి ఎక్కించి, మిగులు తీసేసి, సన్న పీలికతో కలపండి. పొంగు పోతుంది, కొత్త గీత వస్తుంది, అది బాగానే ఉంటుంది.

మిషన్ లేనివాళ్లకి

ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ కుటుంబాల ఆడవాళ్లు కవంది అని ఒక బొంత కుడతారు. దానికి పై ముక్క విడిగా తయారు చేయడం, తర్వాత పొరలు కలపడం అని రెండు పనులు ఉండవు. కింద చీర పరిచి, అంచులు లోపలికి మడిచి, ఒక మూల నుంచి ముక్కలు పెట్టుకుంటూ, ప్రతి ముక్క అంచునీ మడిచి కింది పొరలతో కలిపి దూసుకుట్టు (రన్నింగ్ స్టిచ్) వేసుకుంటూ, చుట్టూ తిరిగి తిరిగి మధ్యకి చేరతారు. మూలల్లో మడత పెట్టిన చిన్న ముక్కల్ని పువ్వులా గుచ్చుతారు, అవి లేకపోతే బొంతకి బట్టలు లేనట్టే లెక్కట వాళ్లకి. ప్లాన్ చేసే వాళ్లకి ఇది మంచి మందు, ఎందుకంటే కుట్టిన చోటికి వెనక్కి వెళ్లి మార్చే వీలే లేదు. నెమ్మదిగా అవుతుంది, కానీ కరెంటు పోయినా ఆగదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది, నది మూడువైపులా చుట్టిన ఊరు. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పనిబట్టల పాత ముక్కలతో తమకి తోచినట్టు కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్‌లో మ్యూజియం గోడలకి వేలాడదీశారు. 2006లో వాటి బొమ్మలతో పది తపాలా బిళ్లలు వచ్చాయి. అలా సొంతంగా కుట్టినవాటిని వాళ్లు "నా పద్ధతి" బొంతలు అంటారట. వీలైతే ఆ ఫోటోలు చూడండి, కానీ మీ మొదటి బొంత పై ముక్క అయ్యాకే. ముందే చూస్తే ఆ బొమ్మ మీ గ్రాఫ్ పేపర్ అవుతుంది.

పొరలు, చివరి కుట్టు

లోపలికి దూది అక్కర్లేదు, పాత నూలు చీర చాలు. అయిదున్నర మీటర్ల చీర అంటే 216 అంగుళాలు, వెడల్పు 45 దగ్గర. సగం చీరని మూడు మడతలు పెడితే 36కి 45, మూడు పొరలు. మన సైజుకి కొలిచినట్టు సరిపోతుంది, చూశారా, లెక్కలు ఎక్కడికీ పోలేదు. వెనక గుడ్డ మాత్రం నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచండి, చివర్లో దాన్నే ముందుకి రెండు మడతలు మడిచి గోటులా కుట్టేయొచ్చు.

వెనక గుడ్డ, చీర పొరలు, పై ముక్క వరసగా పరిచి ముడతలు లేకుండా చేత్తో మధ్య నుంచి బయటికి దువ్వండి. బెత్తెడు దూరంలో పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేయండి. దీన్ని వదిలేసి పిన్నీసులతో సరిపెడితే పొరలు జరిగి వెనక ముడత పడుతుంది, నేను చేశాను, విప్పాను. తర్వాత కాస్త పొడుగు సూది, రెండు పోగుల నూలు దారం తీసుకుని దూసుకుట్టు. మా ఆజీ ధావ్‌దోరా అంటుంది. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి రండి, వరసకీ వరసకీ రెండు వేళ్లు. ఇక్కడ కూడా చాక్‌పీసుతో గీయకండి, ముందటి వరస పక్కనే కంటితో చూస్తూ పోతే సరిపోతుంది. చేతి కుట్టు రోజుకి గంట వేసుకుంటే నాకు మూడు వారాలు పట్టింది.

ఆ పాత సగం బొంత సంగతి ఏమైందని అడుగుతారేమో. పదమూడు గళ్లలో నాలుగింటిని అడ్డంగా కోసి కొత్త బొంతలో వేశాను. మిగతా తొమ్మిది సంచీలో ఉన్నాయి, పలకలకి పనికొస్తాయి. ఆ నీలం పక్కన ఇప్పుడు మూడు వేరే నీలాలున్నాయి. మా ఆయన ఏమీ అనలేదు, కానీ నవ్వాడు, అది నేను చూశాను.

మొదటిసారి చల్లటి నీళ్లలో విడిగా ఉతికి, పిండకుండా, నీడలో రెండు తాళ్ల మీద పరిచినట్టు ఆరేయండి, ఒక్క తాడు మీద వేస్తే తడి బరువుకి మధ్యలో సాగుతుంది. మాలాంటి ఊళ్లలో అయితే మిర్చి ఆరబోసిన వైపు నుంచి గాలి వీచని రోజు చూసుకోండి. నేను చూసుకోలేదు, మా చిన్నాడు ఆ బొంత కప్పుకుని రెండు రాత్రులు తుమ్ముతూనే ఉన్నాడు.